ప్రశ్నలడిగే కుర్చీ ఎవరిది?

'పిల్లల సైకాలజిస్టుని ఎంపిక చేసే చోట కూలోళ్ళకేం పని?' అని మమ్మల్ని అడుగుతున్నారు. అడిగేది ఊళ్ళోవాళ్ళే కాదు, పల్లెలో మనవాళ్ళూ అడుగుతున్నారు. 'అక్కడ ఇంగ్లీషులో మాట్లాడుకుంటా ఉంటే మీరు పోయి ఏం చూశార్రా' అని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. ఆ ఎగతాళికి జవాబు చెప్పాలనే ఈ రాత.

జరిగింది చెప్తాం. మా వడ్లమూడి తెనాలి-గుంటూరు రోడ్డు మీదుంది. చదువుల ఊరని పేరు. యూనివర్సిటీ ఉంది, పాల డెయిరీ ఉంది. పల్లెలో మాత్రం పొద్దున లేస్తే నాట్లు, కలుపు, మినప పీకుడు, లేదంటే బేల్దారి పని. మా పల్లెలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి ఆటిజం ఉన్న పిల్లలు మేం ఎరిగినంతలో ఏడుగురున్నారు. ఎరగనివాళ్ళు ఇంకెందరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం సుమారు 127 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మా ఏడుగురిలో సర్టిఫికెట్టు ఉన్నది ఇద్దరికే. మిగతా అయిదుగురికీ ఉన్నవి పేర్లు. మూగోడు, పిచ్చిమాలోకం, గాలి సోకింది, మొండిఘటం. ఆరేళ్ళ పిల్లగాడు ఒకడిని బడిలో 'వీడు కూర్చోడు, పక్కవాళ్ళని కూర్చోనివ్వడు, ఇంటికాడే ఉంచుకోండి' అన్నారు. వాళ్ళమ్మ కూలికి పోతే వాడిని ఎక్కడ ఉంచాలి? మంచం కోడుకి పాత చీరతో కట్టేసి పోయిన రోజులున్నాయని ఆమే మాతో చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఇట్టాంటి పిల్లల కోసమే ఉన్నామని చెప్పుకునే సంస్థ ఒకటి మాకు అందుబాటు టౌనులో ఉంది. ప్రభుత్వ గ్రాంటు తీసుకుని నడిచే ట్రస్టు. పేరు రాయం. రాస్తే ఆ ఒక్కదాని తప్పే అనుకుంటారు. అక్కడ పిల్లల క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఏడాదిన్నరగా ఖాళీ. మూడుసార్లు పోయి అడిగాం. నాలుగోసారి, 'ఇంటర్వ్యూలు పెడుతున్నాం, కావాలంటే మీ తల్లిదండ్రుల తరఫున ఇద్దరు వచ్చి చూడొచ్చు' అన్నారు. 'చూడొచ్చు' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

మా తరఫున ఇద్దరు వెళ్ళారు. ఆ పిల్లగాడి తల్లి ఒకరు, ఈ రాత రాస్తున్న వాళ్ళలో ఒకరు. గోడవారగా రెండు కుర్చీలు వేశారు, అభ్యర్థుల వీపు వెనక. ముందు బల్ల దగ్గర ఒక డాక్టరు, ఒక రిటైరైన ప్రొఫెసరు, ట్రస్టు పెద్దమనిషి ఒకాయన. వచ్చిన అభ్యర్థులు నలుగురు, ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగాయన. నలుగురూ ఎం.ఫిల్. చదివి రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్ళే.

ఏం అడిగారు? ఆటిజం లక్షణాలు డి.ఎస్.ఎం.-5 ప్రకారం చెప్పమన్నారు. ఏయే పరీక్షలు చెయ్యడం వచ్చో అడిగారు. రెండేళ్ళ పిల్లాడికి మాట ఆలస్యమైతే చెవుడా, ఆటిజమా, బుద్ధిమాంద్యమా ఎట్టా తేలుస్తారని అడిగారు. ఇవి మంచి ప్రశ్నలే, అడగాల్సినవే. మేం చదువుకి వ్యతిరేకులం కాదు. అర్హత తగ్గించమనీ అడగడం లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం చెప్తోంది. అయినా మూడు వారాల కోర్సు చేసి 'థెరపీ సెంటర్' బోర్డు కట్టి మన వాళ్ళ దగ్గర నెలకి వేలు గుంజుతున్న వాళ్ళని మేం చూస్తూనే ఉన్నాం. నిజంగా చదివిన మనిషే మాకు కావాలి.

కానీ అడిగినవి అవొక్కటే కాదు. ముగ్గురు ఆడవాళ్ళనీ 'పెళ్ళయిందా, ఆయన ఎక్కడ చేస్తారు, మళ్ళీ వెళ్ళిపోరుగదా' అని అడిగారు. మగాయన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆయన్ని ఇంకోటి అడిగారు. దరఖాస్తులో పేరు చూసి, 'ఇంటిపేరు ఏమన్నారు? ఏ ఊరు? ఓహో, ఆ ఊళ్ళో ఎటువైపు? నాన్నగారేం చేస్తారు?' అని. తెలుగువాడికి ఈ నాలుగు ప్రశ్నల అర్థం విప్పి చెప్పక్కర్లేదు. కులం అనే మాట నోట రాకుండా కులం రాబట్టే పద్ధతి ఇది. ఆయన దాచలేదు. 'మా నాన్న వ్యవసాయ కూలీ సార్' అన్నాడు. ప్రొఫెసరుగారు పెన్ను కింద పెట్టాడు. ఆ తర్వాత ఆయన రాసుకున్నదేం లేదు, వెనక నుంచి మాకు బాగా కనపడింది. వీపు వెనక కుర్చీకి ఆ ఒక్క సుఖం ఉంది.

ఇది మేం ఊహించి రాస్తున్నది కాదు, మా ఒక్కచోట జరిగిందీ కాదు. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో విచారణ చేసినప్పుడు, ప్రాక్టికల్స్‌లోనూ వైవాలోనూ పరీక్షకులు తమ కులం ఆరా తీశారని దళిత, గిరిజన విద్యార్థులు ఎక్కువమంది చెప్పారు. రాతపరీక్ష కాగితం మీద కులం కనపడదు. ఎదురుగా కూర్చోబెడితే కనపడుతుంది. అందుకే ఇంటర్వ్యూ అంటే వాళ్ళకంత ఇష్టం.

ఇక మేం వెళ్ళిన పని దగ్గరికొస్తాం. ఆ మగాయన ఇంటర్వ్యూ అయిపోవస్తుండగా డాక్టరుగారు మా వైపు చూసి నవ్వుతా, 'ఏమ్మా, నువ్వేమన్నా అడుగుతావా?' అన్నాడు. అభ్యర్థుల్ని మీరు అన్నాయన, ఆరేళ్ళ బిడ్డ తల్లిని నువ్వు అన్నాడు. సరే. ఆమె లేచి నిలబడింది. కూర్చుని అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. అడిగింది:

'మావాడు కొరుకుతాడయ్యా. మిమ్మల్ని కొరికితే ఏం చేస్తారు?'

ఆయన డాక్టరు వైపే చూస్తూ, 'ముందు రెస్ట్రెయిన్ చేస్తాం సార్, తర్వాత బిహేవియర్ మోడిఫికేషన్ ప్లాన్ వేస్తాం' అన్నాడు. డాక్టరు తలూపాడు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాలుగో అభ్యర్థి వచ్చింది. ఆమెనీ అదే అడిగింది. ఆ అమ్మాయి కుర్చీ చప్పుడయ్యేట్టు వెనక్కి తిప్పుకుని, 'ఎప్పుడు కొరుకుతాడమ్మా? కొరికే ముందు ఏం చేస్తాడు? కొరికినాక మీరేం చేస్తారు?' అని ఎదురడిగింది.

'చెవులు మూసుకుంటాడమ్మా, గిర్రున తిరుగుతాడు, ఆనక దొరికినోళ్ళని కొరుకుతాడు. నేను నాలుగు పీకుతా. పీకి నేనే ఏడుస్తా.'

'చెవులు మూసుకునే ముందు ఏం చప్పుడవుతుందో ఒక వారం కనిపెట్టి చూడండమ్మా' అంది ఆ అమ్మాయి. ఇంతలో ట్రస్టు పెద్దమనిషి 'ఇది ఇంటర్వ్యూ అమ్మా, కన్సల్టేషన్ కాదు, టైమైపోయింది' అన్నాడు.

తర్వాత చదువుకున్న వాళ్ళని అడిగితే తెలిసింది, ఆ మూడు ప్రశ్నలూ ఈ వృత్తికి పునాది లాంటివని. చేష్టకి ముందు ఏం జరిగింది, చేష్ట ఏమిటి, తర్వాత ఏం దక్కింది. ఈ మూడూ రాసుకుంటే తప్ప పిల్లాడు ఏం చెప్పలేక కొరుకుతున్నాడో తెలియదు. బల్ల దగ్గర ముగ్గురూ గంటన్నర కూర్చుని రాబట్టలేని దాన్ని సంతకం రాని కూలి మనిషి ఒక్క ప్రశ్నతో రాబట్టింది. 'మీకక్కడేం పని' అన్నవాళ్ళకి మా మొదటి జవాబు ఇదే.

మనలో కొందరికి గొంతులో పడే ముల్లు ఒకటుంది. దాన్ని మింగకుండా చెప్తాం. ఆ మగాయన మనవాడు. మన కులపోడు, పల్లెలో పుట్టినోడు. ఆయనకే రావాలని మేం కోరుకుంటూ వెళ్ళాం. ఆయన ఇంటిపేరు అడిగినప్పుడు మా ఒళ్ళు మండింది. పరీక్షల గురించి నలుగురిలో ఆయనే బాగా చెప్పాడు కూడా. కానీ మన తల్లి అడిగితే ఆయన డాక్టరుకి జవాబు చెప్పాడు. ఎందుకు? ఉద్యోగమిచ్చేది ఆ తల్లి కాదు గనక. ఆమె కుర్చీ వెనకాల ఉంది గనక. ఆయన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళ మొహం చూసి మాట్లాడక తప్పని స్థితిలోనే మన పిల్లలు చదువుకుని బయటికొస్తున్నారు. నాలుగో అమ్మాయిది ఏ కులమో మాకు తెలియదు. మేం అడగలేదు. కాబట్టి మనవాడు వస్తే చాలు అన్న మాట చాలదు. వచ్చినవాడు ఎవరికి జవాబుదారీ అన్నది కూడా తేలాలి.

అసలు సైకాలజిస్టు చేసే పరీక్ష జ్వరం చూసే థర్మామీటరు లాంటిది కాదు. రక్తపరీక్షలో ఆటిజం తేలదు. ఒక మనిషి ఇంకో మనిషిని చూసి, తల్లిని అడిగి, మార్కులు వెయ్యాలి. మన దేశంలో సర్టిఫికెట్టుకి వాడే కొలత ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 రాకపోతే ఆటిజం లేదని రాస్తారు. 40 శాతం వైకల్యం అని కాగితం మీద పడితేనే హక్కులు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇస్తున్న నెలకి 6,000 రూపాయల పింఛను కూడా ఆ కాగితం మీదే నిలబడుతుంది. అంటే ఆ గదిలో కూర్చునే మనిషి చూపు, చెవి, మనసు అన్నీ మన బిడ్డ బతుకు మీద మార్కులుగా పడతాయి.

ఆ 40లో మొదటి అంశమే కళ్ళలోకి చూడకపోవడం. మన పిల్లలకి తెల్లచొక్కా మనిషి ఎదురైతే తల దించుకోమని నేర్పింది ఎవరు? తరతరాలుగా కళ్ళెత్తి చూస్తే 'ఏందిరా ఆ చూపు' అని కొట్టిన ఊళ్ళు ఇవి. తల దించుకున్న పిల్లాడు భయంతో దించుకున్నాడా, ఆటిజంతోనా అన్నది తెలియాలంటే ఆ భయం సంగతి తెలిసిన మనిషి కావాలి. రెండు వైపులా తప్పు జరుగుతుంది. లేని పిల్లకి ఉందని రాస్తారు. ఉన్న పిల్లాడిని 'పల్లె పిల్లలంతేగా, పెంపకం లేదు, ఫోను ఇచ్చి వదిలేశారు' అని పంపేస్తారు. మా ఏడుగురిలో రెండో రకమే ఎక్కువ.

ఏడాస్ అని చాలా దేశాల్లో వాడే పరీక్ష ఇంకోటుంది. అందులో చిన్నపిల్లలకి బొమ్మకి పుట్టినరోజు పండగ చేసే ఘట్టం ఉంటుంది. కేకు, కొవ్వొత్తులు. (ఇప్పుడు పల్లెలోనూ కేకులు కోస్తున్నారనుకోండి, అప్పు చేసైనా.) అంతకంటే పెద్ద బాధ మాటది. పొరుగూరి పల్లెలో ఒక పిల్ల అయిదేళ్ళు వచ్చినా నోరు విప్పలేదు. ఒకరోజు థెరపీ గదిలో తల్లి లేవబోతుంటే కొంగు పట్టుకుని 'ఏందే' అంది. మొట్టమొదటి మాట! తల్లి గుండె ఆగినంత పనయింది. ఆ గదిలో ఉన్న మేడమ్‌గారు 'నో, అలా అనకూడదు, ఏంటమ్మా అనాలి' అని దిద్దింది. ఆ పిల్ల మళ్ళీ ఎన్నాళ్ళకో గాని నోరు తెరవలేదు. బిడ్డ నోట ఇంట్లో మాట వస్తే అది మాట అని గుర్తించలేని చదువు ఏం చదువు? ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎవరు అడగాలి? 'పల్లె మాట మీకొచ్చా? రాకపోతే మా దగ్గర నేర్చుకుంటారా?' అని మేమే అడగాలి.

ఇది కొత్త పేచీ కూడా కాదు. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో 11 మంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి మొదట రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు పెద్ద చదువుల వాళ్ళు. దాంతో ఇది గొప్పింటి జబ్బు అన్న మాట ముప్పై నలభై ఏళ్ళు నడిచింది. 1980లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ లెక్కలు తీసి, జబ్బుకి వర్గం లేదు, ఆసుపత్రి దాకా రాగలిగిన వాళ్ళెవరో వాళ్ళ పిల్లలే లెక్కకొచ్చారు అని చూపించింది. 2002లో అమెరికా ఫిలడెల్ఫియాలో పేదలకిచ్చే ప్రభుత్వ వైద్యసాయం పొందే పిల్లల మీద అధ్యయనం చేస్తే, ఆటిజం ఉందని తేలే వయసు తెల్లపిల్లలకి సగటున 6.3 ఏళ్ళు, నల్లపిల్లలకి 7.9 ఏళ్ళు. పేదరికం ఇద్దరికీ ఉంది. తేడా చర్మంలో ఉంది, చూసేవాడి కంట్లో ఉంది.

నల్లవాళ్ళు ఊరుకోలేదు. 1968లో నల్ల సైకాలజిస్టులు తమ సంఘం పెట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐ.క్యూ. పరీక్షలు పెట్టి నల్లపిల్లల్ని బుద్ధిమాంద్యం తరగతుల్లోకి తోసేస్తుంటే, ఆ పిల్లల్నే నల్ల సైకాలజిస్టులు మళ్ళీ పరీక్షించారు. పిల్లల ఇంటి భాష, వాళ్ళ జీవితం ఎరిగి పరీక్షిస్తే వాళ్ళు ఆ గీత దాటి పైకొచ్చారు. లారీ పి. కేసని పేరు. 1979లో కోర్టు ఆ పరీక్షలు వాడొద్దని తీర్పిచ్చింది. పిల్లలు వాళ్ళే, మారింది ఎదుటి కుర్చీలో మనిషి.

మనకి చట్టాలకేం తక్కువ లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో పేరొచ్చింది. 2016 చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటైంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలి, అందులో సైకాలజిస్టు ఉండాలి. ఉండాలి సరే, ఎంతమంది? కేంద్రానికి ఒక్కరు. ఇక్కడ ఒక కిటుకుంది, మనవాళ్ళు గమనించాలి. ఒకే ఒక్క పోస్టు ఉన్న చోట రిజర్వేషన్ వర్తించదని 1998లో పి.జి.ఐ. చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఏ కేంద్రానికి ఆ కేంద్రం, ఏ ట్రస్టుకి ఆ ట్రస్టు విడివిడిగా కాంట్రాక్టు మీద తీసుకుంటే ప్రతి పోస్టూ ఒంటరి పోస్టే. ఒంటరి పోస్టుకి రోస్టరు లేదు. అన్నిటినీ కలిపి రాష్ట్రం మొత్తానికి ఒక కేడరుగా భర్తీ చేస్తే మన వాటా అడగొచ్చు. గ్రాంటు ప్రజల డబ్బు అయినప్పుడు ఎంపిక మాత్రం ప్రైవేటు వ్యవహారం ఎట్టా అవుతుంది?

ఇంతకీ ఫలితం చెప్పలేదు గదా. నెల తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. 'తగిన అభ్యర్థి లభించలేదు. తిరిగి ప్రకటన వెలువడుతుంది.' నలుగురు వస్తే ఒక్కరూ తగలేదట! మనవాడు తగలేదు, కుర్చీ తిప్పుకున్న అమ్మాయీ తగలేదు. ఏడాదిన్నర ఖాళీ రెండేళ్ళకి పోతుంది. ఆటిజానికి చిన్నప్పుడు మొదలుపెట్టిన శిక్షణే ఎక్కువ ఫలితమిస్తుందని ఆ బల్ల దగ్గర ముగ్గురికీ తెలుసు, మాకంటే బాగా తెలుసు. మా పిల్లగాడికి వచ్చే సంక్రాంతికి ఏడు వెళ్తాయి.

వాళ్ళమ్మ మాత్రం ఆ అమ్మాయి చెప్పినట్టు వారం కాదు, మూడు వారాలు కనిపెట్టింది. రాయడం రాదు గనక గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండూ మైకు వేసే వేళలే. మైకు గుయ్‌మన్నప్పుడే వాడు చెవులు మూసుకుంటున్నాడు. మైకు మన చర్చిదే. పాస్టరుగారితో మాట్లాడితే స్పీకరు రెండోవైపు తిప్పించాడు. కొరకడం పూర్తిగా పోలేదు, తగ్గింది. మంచం కోడుకి కట్టడం ఆమె మానేసింది. ఉద్యోగం రాని మనిషి నాలుగు నిమిషాల్లో చేసిపోయిన పని ఇది.

మేం ట్రస్టుకి కాగితం పెట్టాం, నకలు కలెక్టరుకి పంపాం. ఈసారి మా కుర్చీలు బల్లకి ముందు వైపు, మిగతా ముగ్గురి వరసలోనే ఉండాలి. చూడ్డానికి కాదు, మార్కులు వెయ్యడానికి. సగం ఇంటర్వ్యూ తెలుగులో జరగాలి. ఇంటిపేరు, ఊరు, పెళ్ళి అడగకూడదు. నలుగురొస్తే నలుగురూ తగరని రాసేట్టయితే, ఎందుకు తగరో ఒక్కొక్కరి పేరు మీద కారణం రాసి మాకు చూపించాలి. కోర్టునే చుండూరికి రప్పించుకున్న జనం ఉన్న ప్రాంతం ఇది. ఒక బల్ల దగ్గర రెండు కుర్చీలు జరిపించుకోలేమా?

ప్రకటన మళ్ళీ పడగానే కబురు చేస్తాం. చేబ్రోలు, పొన్నూరు, తెనాలి, వేమూరు, రేపల్లె వైపు పల్లెల్లో, గూడేల్లో ఇట్టాంటి బిడ్డలున్న అమ్మలూ అయ్యలూ ఆ ఒక్కరోజు కూలి వదులుకుని రండి. బిడ్డని కూడా తీసుకురండి, ఎవరో ఒకరం చూసుకుంటాం. ఆటో ఖర్చులు మేం పెట్టుకుంటాం.